కర్నూలు రోడ్డు మీద రెండు నల్ల రాళ్లు

ఒంగోలులో కొత్త ఇల్లు లేస్తుంటే వంటగట్టు దగ్గరికి వచ్చేసరికి మాట తేడా వస్తుంది. అత్తగారు కడప బండ చాలంటుంది, కోడలు గెలాక్సీ వేయిద్దామంటుంది. రెండూ నల్ల రాళ్లే. పాలిష్ పట్టి, అంచులు గుండ్రంగా తిప్పి కొట్లో నిలబెడితే, ఆ బంగారు చుక్కలు తప్ప పైకి పెద్ద తేడా కనిపించదు. చివరికి తగువు తీర్చేది మేస్త్రీ. "కడప బండ మీద నిమ్మరసం ఒలికితే మచ్చ పడుద్దమ్మా, ఎంత రుద్దినా పోదు. గెలాక్సీకి ఆ బాధ లేదు. రేటు మాత్రం మీరే చూసుకోండి" అంటాడు.

మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం. ఒక రాయి నేల లోతుల్లో కరిగిన ద్రవం గడ్డకట్టి పుట్టింది. రెండోది సముద్రం అడుగున పేరుకుని పుట్టింది. మొదటిది అగ్నిశిల, రెండోది అవక్షేప శిల. ఈ రెండు పేర్లూ బడిలో బట్టీపట్టి, పరీక్ష రాసి, హాలు బయటికి రాగానే మరిచిపోయినవాళ్లమే అందరం. ఆ పాఠంలో తప్పు లేదు గానీ, దాన్ని పట్టిక గీసి చెప్పడంతో వచ్చింది చిక్కు. రాయి రంగు, ధర, కొట్టువాడు పెట్టిన పేరు మనకు చెప్పేది తక్కువ. ఆ రాయి ఎలా కూడుకుందో తెలిస్తే మాత్రం అది ఎలా పగులుతుందో, దేనికి లొంగుతుందో, దాని మీద బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో కూడా చాలావరకు ఊహించవచ్చు.

ఈ పాఠానికి ఒంగోలు అనువైన ఊరు. పడమరగా కర్నూలు రోడ్డు పట్టుకుంటే పాతిక కిలోమీటర్లలోపే చీమకుర్తి. అక్కడిది అగ్నిశిల. అదే రోడ్డు మీద పొదిలి దాటి ఇంకా పడమటికి పోతే మార్కాపురం, కంభం. నల్లమల మొదలయ్యే ఆ వైపంతా ఒకప్పటి సముద్రపు అడుగు. ఒంగోలుకు ఉత్తరాన పత్తి, మిరప చేల మధ్య ఆకుల అచ్చులు దాచుకున్న మెత్తటి రాళ్లున్నాయి. పాత ప్రకాశం జిల్లా దాటి వెళ్లకుండానే పుస్తకంలో ఉన్న బొమ్మలన్నీ చూసి రావచ్చు.

ముందు చీమకుర్తి సంగతి. ప్రపంచమంతటా 'బ్లాక్ గెలాక్సీ గ్రానైట్' పేరుతో అమ్ముడుపోయే రాయి చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల క్వారీల్లో దొరుకుతుంది. ఇక్కడి బ్లాకులు ఓడలెక్కి చైనాకు, ఇటలీకి వెళ్లి, అక్కడ పలకలై ఇంకెక్కడో హోటళ్ల నేలల్లో, సమాధుల మీద తేలతాయి. అయితే భూవిజ్ఞాని దృష్టిలో ఇది గ్రానైటే కాదు. గ్రానైటంటే క్వార్ట్‌జ్, పొటాషియం ఫెల్డ్‌స్పార్ దండిగా ఉండే లేతరంగు రాయి. అందులో సిలికా నూటికి డెబ్బై పాళ్లు ఉంటుంది. గెలాక్సీలో నూటికి యాభై పాళ్ల దాకానే. దాని అసలు జాతి గాబ్రో, ఇంకా కచ్చితంగా అయితే గాబ్రో-నోరైట్. రాళ్ల వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ ఎక్కే ప్రతిదీ గ్రానైటే. అందులో మోసమేమీ లేదు, వాళ్ల లెక్క వేరు. గాబ్రో అని బోర్డు పెడితే కొనేవాడెవడు?

కొట్టుకు వెళ్లినప్పుడు ఒక చిన్న గెలాక్సీ ముక్క అడిగి తీసుకుని ఎండలోకి రండి. ముక్కను మెల్లగా అటూ ఇటూ వాల్చి చూడండి. ఒక చుక్క వెలుగుతుంది. ఇంకాస్త వాల్చితే అది ఆరిపోయి, పక్కనున్నది వెలుగుతుంది. అన్ని చుక్కలూ ఒకేసారి వెలగవు. ఇందులో బంగారం లేదు, రాగి రేకు కూడా లేదు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలు. రాయి ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడు ఆ స్ఫటికంలో ఇనుము, టైటానియం కలిసిపోయి ఉన్నాయి. చల్లారే కొద్దీ స్ఫటికం వాటిని ఇముడ్చుకోలేక, లోపలే అతి పల్చటి రేకులుగా వేరు చేసింది. ఒక స్ఫటికంలోని రేకులన్నీ ఒకే వాలులో ఉంటాయి. వెలుతురు ఆ వాలుకు సరిగ్గా తగిలినప్పుడే వెనక్కి కొట్టి మెరుస్తుంది. ఒక్కో స్ఫటికం ఒక్కో దిక్కుకు తిరిగి పెరిగింది కాబట్టి ఒక్కోటి ఒక్కో వాలులో మెరుస్తుంది. లక్షల రూపాయల బేరం జరిగేది ఈ రేకుల మీదే. చల్లారడం తొందరగా జరిగి ఉంటే రేకులు వేరుపడేవే కావు, చీమకుర్తి రాయి ఊళ్లో కంకరకే సరిపోయేది.

అదే ముక్కను భూతద్దం కింద పెడితే ఇంకో సంగతి తెలుస్తుంది. రేణువుకీ రేణువుకీ మధ్య ఖాళీ లేదు, అతుకు మసాలా లేదు. ప్లాజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్ పట్టీలు, నల్లటి పైరాక్సీన్ గింజలు ఒకదాని సందుల్లోకి ఒకటి దూరిపోయి ఉన్నాయి. ఇవి ఎక్కడినుంచో కొట్టుకొచ్చి చేరినవి కావు. కరిగిన ద్రవంలోనే పుట్టి, అక్కడే పెరిగి, పక్కదాన్ని ఒరుసుకున్నాక ఆగిపోయినవి. అగ్నిశిలకు ఇంతకు మించిన ఆనవాలు లేదు.

రేణువు పరిమాణం చల్లారిన వేగాన్ని చెబుతుంది. నేలకు కిలోమీటర్ల లోతున ఇరుక్కున్న ద్రవం పన్నెండు వందల డిగ్రీల వేడినుంచి దిగడానికి వేలు, ఒక్కోచోట లక్షల ఏళ్లు తీసుకుంటుంది. స్ఫటికాలు పెరగడానికి కావలసినంత వ్యవధి. అదే రకం ద్రవం అగ్నిపర్వతం నోటినుంచి బయటపడి గాలి తగిలితే కొద్ది రోజుల్లోనే పైన గట్టిపడుతుంది, రేణువులు కంటికి ఆనవు. దాన్ని బసాల్ట్ అంటాం. రాజమండ్రి దగ్గర కాతేరు, గోదావరికి ఇవతల పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి అదే, సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి లావా. రసాయనం చూస్తే పంగిడి రాయికీ చీమకుర్తి రాయికీ దగ్గరి చుట్టరికం. చల్లారిన తీరే వేరు.

ఇది ఇంత తేలిగ్గా తేలిన విషయం కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా యూరప్‌లో పెద్ద పెద్ద పండితులే గ్రానైట్, బసాల్ట్ కూడా ఆదిమ సముద్రంలోనుంచి పేరుకున్నవేనని నమ్మారు. జర్మనీలో భూవిజ్ఞాని వెర్నర్ శిష్యులు ఆ పక్షం. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ హటన్ 1785లో గ్లెన్ టిల్ట్ అనే లోయలో ఎర్ర గ్రానైట్ ఈనెలు పాత రాతిని చీల్చుకుని లోపలికి చొరబడి ఉండటం చూశాడు. పేరుకున్నది అలా చొరబడదు, ద్రవమే చొరబడుతుంది. అయినా చాలామంది ఒప్పుకోలేదు. రాతిని కరిగిస్తే గాజు అవుతుంది గానీ స్ఫటికాల రాయి ఎందుకవుతుందని ఎదురు ప్రశ్న వేశారు. హటన్ స్నేహితుడు సర్ జేమ్స్ హాల్ బసాల్ట్ జాతి రాతిని కొలిమిలో కరిగించి చూశాడు. గబుక్కున చల్లారిస్తే గాజు వచ్చింది, నెమ్మదిగా చల్లారిస్తే స్ఫటికాలు వచ్చాయి. పెద్దాయన హటన్‌కు ఇలాంటి కొలిమి ప్రయోగాల మీద గురి లేదు. ఆయన 1797లో కన్నుమూశాక, 1798లో హాల్ తన ఫలితాలను బయటపెట్టాడు. సైన్సులో కూడా పెద్దల ముందు నోరు మెదపకపోవడం ఉంటుందన్నమాట.

ఇప్పుడు ఉత్తరానికి తిరుగుదాం. ఒంగోలుకు ఉత్తరాన వేమవరం అనే పల్లె ఉంది. ఈ దారిలో కొండల్లేవు, క్వారీల హడావుడి లేదు. చూడటానికి వచ్చేవాళ్లూ తక్కువే. కానీ భూవిజ్ఞాన గ్రంథాల్లో వేమవరం పేరు నూటయాభై ఏళ్లుగా ఉంది. భారత భూవిజ్ఞాన సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరమంతా నడిచి, పటం గీసి, ఇక్కడి పొరలకు దగ్గరి ఊళ్ల పేర్లే పెట్టాడు. అడుగున బూదవాడ ఇసుకరాళ్లు, మధ్యన వేమవరం షేల్ రాళ్లు, పైన పావులూరు ఇసుకరాళ్లు. 1879లో అది అచ్చయింది. మద్రాసు దగ్గరి పల్లావరంలో పాతరాతియుగపు చేతిగొడ్డలిని గుర్తించి, మన దేశ చరిత్రపూర్వ అధ్యయనానికి ఆద్యుడైనది కూడా ఈయనే. అదే 1879లో కలకత్తాలోని సర్వేలో పనిచేస్తున్న బొహీమియా శాస్త్రవేత్త ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ మద్రాసు తీరపు రాళ్లలోని ఆకుల అచ్చులను వర్ణిస్తూ గ్రంథం రాశాడు.

షేల్ అంటే గట్టిపడిన బంకమట్టి. వేమవరం రాయి మెత్తన, చాకు మొన పెడితే పల్చటి రేకులుగా విడిపోతుంది. అలా విడదీసినప్పుడు రేకు మీద ఈత కమ్మను చిన్నది చేసి ఒత్తినట్టుగా ఒక ఆకు ముద్ర బయటపడవచ్చు. నడుమ ఒక ఈనె, రెండు వైపులా దగ్గర దగ్గరగా సన్నటి రెక్కలు. టిలోఫిల్లమ్ అంటారు దాన్ని. ఆ మొక్క జాతి మొత్తం అంతరించింది. అది బతికున్నది సుమారు 12, 13 కోట్ల ఏళ్ల కిందట, గోండ్వానా ఖండం చీలి భారత భూభాగం అంటార్కిటికా నుంచి ఎడమవుతున్న రోజుల్లో. ఆ చీలిక వెంబడి కుంగిన పల్లంలో నీళ్లు నిలిచి, నదులు మట్టి తెచ్చి పోశాయి. ఈ పొరల్లో నేల మీది ఆకులతో పాటు సముద్రపు గవ్వలు కూడా ఉన్నాయంటే తీరం ఎంతో దూరం లేదని అర్థం. అప్పటికి పూలు పూసే మొక్కలు ఇంకా నిలదొక్కుకోలేదు. ఇవాళ ఆ పొరల మీద పెరిగే పత్తి గానీ, మిరప గానీ, చేలగట్టున చింతచెట్టు గానీ ఆ ప్రపంచంలో లేవు.

చీమకుర్తి క్వారీలో ఎన్ని వేల బ్లాకులు కోసినా ఒక్క ఆకు ముద్ర దొరకదు. పన్నెండు వందల డిగ్రీల ద్రవంలో ఆకు ఉండే ప్రసక్తే లేదు, పైగా ఆ రాయి గడ్డకట్టి వంద కోట్ల ఏళ్లు దాటింది, అప్పటికి నేల మీద ఆకే లేదు. వేమవరం రేకులో అయితే ఆకూ గవ్వా ఉన్నాయి, పక్కన బంక రేణువులూ ఉన్నాయి. అన్నీ వేరేచోట తయారై ఇక్కడికి చేరినవే. అగ్నిశిలకు అది పుట్టినచోటే చరిత్ర. అవక్షేప శిల చరిత్రలో సగం ఇంకెక్కడో జరిగి ఉంటుంది.

వయసు కట్టడం దగ్గర ఈ తేడా గమ్మత్తుగా బయటపడుతుంది. అగ్నిశిలలోని జిర్కాన్ లాంటి కొన్ని స్ఫటికాల్లో యురేనియం లాంటి రేడియోధార్మిక మూలకాలు చిక్కుకుంటాయి. స్ఫటికం గడ్డకట్టిన క్షణంనుంచి అవి ఒక లెక్క ప్రకారం సీసంగా మారుతూ పోతాయి. రెండిటి పాలూ కొలిస్తే రాయి పుట్టిన కాలం తెలుస్తుంది. ఇదే పద్ధతిని పావులూరు ఇసుకరాయి మీద వాడితే తంటా వస్తుంది. అందులోని జిర్కాన్ రేణువు ఏ తూర్పు కనుమల రాతిలోనో పుట్టి, ఆ రాయి శిథిలమయ్యాక కొట్టుకొచ్చినది. మనవరాలిని వయసడిగితే అమ్మమ్మ పుట్టిన సంవత్సరం చెప్పినట్టు, వంద కోట్లకు పైబడిన అంకె చెబుతుంది. ఇసుకరాయి మాత్రం దానిలో పదో వంతు వయసుది కూడా కావచ్చు. అందుకే అవక్షేప శిలల వయసును శిలాజాల ఆధారంగానో, వాటి మధ్య చిక్కిన అగ్నిపర్వతపు బూడిద పొరల ఆధారంగానో కడతారు. అయినా ఆ అమ్మమ్మ వయసు వృథా పోదు. ఇసుక ఏ కొండలనుంచి వచ్చిందో పట్టివ్వడానికి అది పనికొస్తుంది.

వంటగట్టు తగువులో రెండో పక్షమైన కడప బండ కూడా అవక్షేప శిలే గానీ, వేమవరం రాయికీ దానికీ పుట్టుక వేరు. మట్టి రేణువులు పేరుకున్నది కాదది. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, కార్బనేట్‌గా మారి అడుగుకు దిగింది. కడప, కర్నూలు, పల్నాడు సున్నపురాళ్లు చాలా పాతవి, ప్రాణులు ఒంటి మీద గవ్వలు కట్టుకోవడం మొదలుపెట్టక ముందటివి. అందుకే వీటిలో శంఖాలూ గవ్వలూ వెతికి లాభం లేదు. అవక్షేప శిల కనిపించగానే శిలాజాలు ఉండి తీరాలనుకునేవాళ్లకు పల్నాటి మాచర్ల బండ నిరాశే మిగులుస్తుంది.

కాల్షియం కార్బనేట్ ఆమ్లానికి ఓర్వదు. నిమ్మరసం పడగానే పైపొర కరిగి, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది. మేస్త్రీ చెప్పిన మచ్చ నిజానికి మురికి కాదు, పాలిష్ కరిగిపోయిన చోటు. అందుకే రుద్దితే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. గెలాక్సీలోని ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ సిలికేట్లు. నిమ్మకాయకు లొంగవు. ఇంట్లో పరీక్ష చేయాలంటే కడప బండ అడుగువైపు, పాలిష్ లేనిచోట, మొనతో కాస్త గీసి, ఆ పొడి మీద ఒక చుక్క నిమ్మరసం వేసి చెవి దగ్గర పెట్టుకోండి, చిన్నగా బుసబుస వినిపిస్తుంది. గీయడం కూడా ఒక పరీక్షే. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో సున్నపురాతిలోని కాల్సైట్‌ది 3, మామూలు ఉక్కు చాకుది ఐదున్నర, గెలాక్సీలోని ఖనిజాలది దాదాపు 6. చాకు ఒకదాన్ని గీస్తుంది, రెండోదాని మీద తనే అరిగి ఇనుప గీత మిగులుస్తుంది.

ఈ మెత్తదనం వల్లే మనకు అమరావతి దక్కింది. రెండువేల ఏళ్ల కిందటి శిల్పులు అంత సన్నని నగిషీ, పూసపూసా లెక్కపెట్టేలా చెక్కగలిగారంటే అది పల్నాడు సున్నపురాయి కాబట్టే. అమరావతి, నాగార్జునకొండ ఫలకాలన్నీ ఆ రాయే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం మెట్లెక్కినా, చెన్నైలో ఎగ్మూరు మ్యూజియంకు వెళ్లినా కనిపించేది మన పల్నాటి సముద్రపు అడుగే. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపానికీ సున్నపురాతి ఫలకాలు తొడిగారు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో ఒక ఫలకం కొన్నది. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల బొమ్మ, మూడో శతాబ్దం నాటిది. అది చందవరం నుంచి దొంగిలించినదని పాత ఫొటోల వల్ల బయటపడి, 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చేశారు. మాచర్ల దగ్గర దుర్గిలో ఇప్పటికీ రాతిశిల్పులున్నారు. గెలాక్సీలో అలాంటి నగిషీ చెక్కాలంటే ఉలి చాలదు, వజ్రపు పళ్లున్న పనిముట్టు కావాలి.

మెత్తగా ఉండటం, కరిగిపోవడం ఒకే గుణానికి రెండు ముఖాలు. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని రవ్వంత ఆమ్లంగా మారుతుంది. ఆ రవ్వంతకే వేల, లక్షల ఏళ్లలో సున్నపురాయి లోపల గుహలు తొలుచుకుంటాయి. పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం, కర్నూలు వైపు బెలుం, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం అన్నీ అలా ఏర్పడినవే. వేమవరం పొరలకు పేరు పెట్టిన బ్రూస్ ఫుట్టే 1880ల్లో బిల్లసర్గం గుహల్లో తన కొడుకుతో తవ్వకాలు జరిపించాడు. చీమకుర్తి కొండల్లో ఇలాంటి బిలం ఒక్కటీ లేదు. ఉండదు కూడా.

కాల్చినప్పుడూ అంతే. సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల బట్టీలో కాలిస్తే అది కరగకుండానే విడిపోతుంది. స్వచ్ఛమైన రాయి నూరు కిలోలు వేస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది. పిడుగురాళ్ల బట్టీలు, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది ఈ లెక్క మీదే. గెలాక్సీని ఎంత కాల్చినా సున్నం రాదు. మరీ వేడెక్కిస్తే మళ్లీ కరిగి తన పాత స్థితికి పోతుంది, అంతే.

పగిలే తీరు చూస్తే రాయి పుట్టుక చేతికే తెలుస్తుంది. పొరలు పొరలుగా పేరుకున్న బండను గనిలో కూలీలు ఉలి, సమ్మెటలతో పొర వెంబడే లేపుతారు. మాచర్ల, బేతంచెర్ల బండలు ఒకే మందంలో పలకలుగా వచ్చేది అందుకే, సముద్రమే కొలిచి పెట్టింది. గెలాక్సీకి అలాంటి పొర లేదు. ఏ దిక్కున కొట్టినా ఒకే మొండితనం. అందుకే క్వారీలో వజ్రపు పూసలు గుచ్చిన తీగను నీళ్లు పోస్తూ గంటల తరబడి తిప్పి కోస్తారు. ఘనమీటరు బ్లాకు దాదాపు మూడు టన్నులు తూగుతుంది. సున్నపురాయి అయితే 2.7 దగ్గర ఆగుతుంది. కోతలో చిన్న పగులు కనిపించినా బ్లాకు తీసిపారేయాల్సిందే. చీమకుర్తి చుట్టూ కొండల్లా పేరుకున్న గుట్టలు ఈ తీసిపారేసినవే. ఆ గుట్టలు పొలాలను ఎంత మింగాయో ఆ దారిలో వెళ్లేవాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది, పలకల మీద మెరుపు గురించి మాట్లాడేవాళ్లు దాని గురించి కూడా మాట్లాడితే బాగుంటుంది.

పొరలుంటే అవక్షేప శిల, లేకపోతే అగ్నిశిల అని సూత్రం కట్టేసుకోవడం కూడా ప్రమాదమే. నేల లోతున కరిగిన ద్రవపు (మాగ్మా) కొలనులో ముందుగా పుట్టిన బరువైన స్ఫటికాలు అడుగుకు దిగి పొరలు కట్టడం గాబ్రోల్లో మామూలే. ఇక మార్కాపురం పలక ఉంది. మనం బలపంతో అఆలు దిద్దిన ఆ నల్లపలక ఒకప్పుడు షేల్, సముద్రపు బురద. నల్లమల ముడతలు పడినప్పుడు ఒత్తిడికి లోపలి ఖనిజాలు ఒక దిక్కుకు సర్దుకుని స్లేటుగా మారింది. అది చీలే దిక్కు పాత పొరది కాదు, ఒత్తిడి తెచ్చిపెట్టిన కొత్త దిక్కు. రెండు పక్షాల్లోనూ చేరని ఈ మూడో రకమే రూపాంతర శిల. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల ఇనుపరాయి కూడా ఆ జాతిదే. దాని కథ వేరే అధ్యాయం.

రెండు జాతులకూ మధ్య ఉన్న లంకె మన కాళ్ల కిందే ఉంది. చీమకుర్తి రాయి ఎండకూ వానకూ శిథిలమైతే ఇసుక రాదు. ఎందుకంటే అందులో క్వార్ట్‌జ్ దాదాపు లేదు, ఇసుకగా మిగిలేది ముఖ్యంగా క్వార్ట్‌జే. ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ రెండూ నీటితో కలిసి బంకమట్టిగా మారిపోతాయి. ఇనుము, మెగ్నీషియం, కాల్షియం ఎక్కువున్న ఇలాంటి రాళ్లనుంచి, ఎండకాలం పొడిగా ఉండే నేలల్లో, తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే నల్లరేగడి తయారవుతుంది. గ్రానైట్, నైస్ రాళ్లు శిథిలమైన చోట క్వార్ట్‌జ్ మిగిలి ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రచెలకలు వస్తాయి. ఈ ప్రాంతపు రేగడంతా గాబ్రోదేనని కాదు, నదులు తెచ్చి పోసింది చాలా ఉంది. కానీ రైతు ఏ చేలో పత్తి పెట్టాలో, ఏ చేలో కంది వేయాలో తేల్చుకునేటప్పుడు ఆ మట్టికి పుట్టిల్లైన రాయి కూడా ఆ లెక్కలో ఉంటుంది. ఆ బంకే వరదకు కొట్టుకుపోయి గుండ్లకమ్మ నోటి దగ్గర సముద్రంలో దిగుతోంది. అది ఎప్పటికో వేమవరం రాయి లాంటి షేల్ అవుతుంది. భూమి నేలభాగం మీద పైకి కనిపించే రాయిలో మూడొంతులు అవక్షేప శిలలే, అయినా భూపటలం మొత్తం ఘనపరిమాణంలో వాటి వాటా పదో వంతుకు కూడా చేరదు. పైపైన పరుచుకున్న పల్చటి దుప్పటి అది, కింద ఉన్నదంతా అగ్నిశిలలూ రూపాంతర శిలలూ.

రాళ్ల జాతి తెలియడం అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది బోరు వేసేటప్పుడు. ఇసుకరాయిలో రేణువుల మధ్య సందులుంటాయి, మంచి ఇసుకరాయిలో నూటికి ఇరవై వంతులు ఖాళీ ఉండవచ్చు. అందులో నీరు నిలుస్తుంది, పారుతుంది. పగుళ్లు లేని గాబ్రోలో, గ్రానైట్‌లో ఖాళీ ఒక్క శాతం కూడా ఉండదు. అక్కడ నీరు దొరికేది పైన శిథిలమైన పొరలో, కింద నెర్రెల్లో. నెర్రె తగిలితే అదృష్టం, నాలుగు అడుగులు పక్కన వేస్తే ఒట్టి దుమ్ము. పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో ఒకే పొలంలో ఒక బోరు నిండా పోస్తుంటే దాని పక్కదాంట్లో చుక్క లేకపోవడానికి కారణం టెంకాయ తిరగకపోవడం కాదు, నెర్రె దిక్కు. సముద్రం వైపు కొత్తపట్నం, చినగంజాం ఇసుక మేటల్లో అయితే కొద్ది అడుగుల్లోనే తీపినీరు తగులుతుంది. ఆ ఇసుక ఇంకా రాయి కాలేదు, సందులన్నీ అలాగే ఉన్నాయి.

గట్టిరాతి నెర్రెల్లో నీరు ఏళ్ల తరబడి రాతిని ఒరుసుకుంటూ నిలిచి ఉంటుంది. గ్రానైట్ జాతి రాళ్లలోని అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాలనుంచి ఫ్లోరైడ్ ఆ నీటిలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదటిసారిగా శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, హెన్రీ షార్ట్ బృందం మద్రాసు ప్రెసిడెన్సీ మీద రాసిన వ్యాసంలో. వాళ్లు చూసినవి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలు, వాటిలో 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చినవీ ఉన్నాయి. కనిగిరి చుట్టుపక్కల ఇవాళ్టికీ అదే బాధ. బోరు లోతు పెంచితే కొన్నిచోట్ల నీళ్లు పెరిగాయి గానీ ఫ్లోరైడ్ కూడా పెరిగింది. రాయి మారనంతవరకు ఆ దారిలో మంచినీళ్లు దొరకవు.

అందుకే బయటి నీళ్లు తెచ్చుకున్నారు. నాగార్జునసాగర్ కుడి కాలువ మొదట పల్నాటి సున్నపురాతి నేలల మీద సాగుతుంది. దాని ఒంగోలు బ్రాంచి నీళ్లు చీమకుర్తి క్వారీల పక్కనున్న రామతీర్థం జలాశయానికి చేరతాయి. గెలాక్సీ కోసే తీగ ఒకవైపు తిరుగుతుంటే, ఇంకోవైపు ఆ జలాశయం గట్టు మీద చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈసారి కృష్ణ ఎంత వచ్చిందో చూసుకుంటారు. రాని ఏడాది ట్యాంకర్లు తిరుగుతాయి.